చేతికి కట్టు సరే, మరి మనసుకో?

మా చీపురుపల్లిలో టెన్నిస్ అంటే టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్టే. ఆ బంతికి అసలు ఆట వేరే ఉందని నాకు తెలిసింది 2005లో, సానియా మీర్జా పుణ్యమా అని. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. పదిహేను, ముప్పై అయ్యాక నలభై ఐదు కాకుండా నలభై ఎందుకయిందో, ఆ మిగతా ఐదూ ఎవరు తినేశారో నాకూ అర్థం కాలేదు, మా నాన్నకీ అర్థం కాలేదు. అయినా ఇద్దరం టీవీ ముందు కూర్చుని చూసేవాళ్లం. మన హైదరాబాదు అమ్మాయి కదా!

ఇన్నేళ్ల తర్వాత ఆ అమ్మాయి గురించి ఎందుకు రాస్తున్నానంటే, దానికో చిన్న కథ ఉంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. విజయనగరంలో ప్యాసింజరెక్కి, నెల్లిమర్ల, గరివిడి దాటి, స్టేషన్లో దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ మొదట చూసింది నా మొహాన్ని కాదు, కుడిచేతి మణికట్టుకున్న నల్ల పట్టీని. "ఏటైందిరా చేతికి?" అంది. కంప్యూటర్ మీద పని ఎక్కువై నరం లాగేసిందని చెప్పాను. అంతే! సాయంత్రానికల్లా వీధి మొత్తానికి తెలిసిపోయింది. ఒకరు వావిలాకు కాపడం పెట్టమన్నారు, ఇంకొకరు ఆముదం రాయమన్నారు, పక్కింటి మామ్మగారైతే ఎవరిదో దిష్టి తగిలిందని తేల్చేశారు. అందరూ నామీద జాలిపడ్డారు. నాకు హాయిగా అనిపించింది కూడా.

నిజం ఏమిటంటే ఆ నెప్పి తగ్గిపోయి అప్పటికే నెలన్నర అయింది. పట్టీ మాత్రం తియ్యలేదు. ఎందుకంటే నాకు తగిలిన అసలు దెబ్బ చేతికి కాదు. అంతకు ముందు మూడు వారాలు కొండాపూర్లో పీజీ రూములోంచి బయటికి రాలేదు నేను. ఫోన్లు ఎత్తలేదు. లాప్‌టాప్ తెరిచి స్టాండప్ కాల్‌లో "నో బ్లాకర్స్" అని చెప్పి మళ్లీ దుప్పటి కప్పుకునేవాణ్ణి. మేనేజరుకి చెయ్యి నెప్పి అని మెయిల్ పెడితే ఐదు నిమిషాల్లో సెలవిచ్చాడు. "ఉదయం లేవాలంటే భయమేస్తోంది" అని రాస్తే ఏమనేవాడో తెలీదు. రాసే ధైర్యం చెయ్యలేదు కదా!

ఆ మూడు వారాల్లోనే ఒక రాత్రి సానియా తన డిప్రెషన్ గురించి మాట్లాడిన ఇంటర్వ్యూ ఒకటి కంటపడింది. అక్కడి నుంచి వెనక్కి వెనక్కి వెళ్లి ఆవిడ కెరీర్ అంతా మళ్లీ చూశాను. నాకు గుర్తున్న కథ, అప్పుడు చూసిన కథ ఒకటి కావు. అందుకే ఇది.

ఆవుపేడ అలికిన కోర్టులు

సానియా 1986 నవంబరులో ముంబైలో పుట్టింది, పెరిగింది హైదరాబాదులో. ఆరేళ్ల వయసులో వాళ్లమ్మ నిజాం క్లబ్బులో టెన్నిస్ కోర్టుకి తీసుకెళితే, మరీ చిన్నపిల్ల అని కోచ్ వద్దన్నాడట, తల్లి దెబ్బలాడి మరీ చేర్పించిందట. తను రిటైరయ్యేటప్పుడు సానియానే ఇది రాసుకుంది. ఆవుపేడతో అలికిన కోర్టుల మీద ఆడామని కూడా చాలాసార్లు చెప్పింది. నాన్న ఇమ్రాన్ మీర్జాయే కోచ్ కూడా.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది, రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి వైల్డ్ కార్డుతో వెళ్లి మూడో రౌండు దాకా వచ్చింది. అక్కడ ఎదురుపడింది సెరెనా విలియమ్స్. ఓడిపోయింది లెండి, కానీ గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో మూడో రౌండు చేరిన మొదటి భారతీయ మహిళ అయింది. మరుసటి నెలలో హైదరాబాదులోనే, సొంత జనం మధ్య, డబ్ల్యూటీఏ టైటిల్ కొట్టింది. మన దేశపు అమ్మాయి ఎవరూ అంతకుముందు సింగిల్స్‌లో అది చెయ్యలేదు. ఆ తర్వాత దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు.

ఇదంతా తొమ్మిది నెలల్లో! అప్పటికి వయసు పద్దెనిమిది. మనం ఆ వయసులో ఎంసెట్ కౌన్సెలింగులో ఏ బ్రాంచి పెట్టాలా అని తల పట్టుకున్నవాళ్లం.

ఆ సెప్టెంబరులోనే ఒక మతగురువు ఆమె స్కర్టు మీద ఫత్వా అన్నాడు. కోల్‌కతాలో ఆడటానికి వెళితే చుట్టూ పోలీసు కాపలా. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కి వచ్చింది. అదే ఏడాది చివర్లో మక్కా మసీదు దగ్గర యాడ్ షూటింగు గొడవ, 2008 జనవరిలో జాతీయ జెండా ఉన్న చోట కాళ్లు పెట్టిందంటూ ఒక ఫొటో, దానిమీద కోర్టు కేసు. విసిగిపోయి ఆ ఏడాది బెంగుళూరు టోర్నీలో ఆడనని చెప్పేసింది. ఒక ఆటగత్తె సొంత దేశంలో ఆడటానికి జంకడం.. ఆలోచించండి.

టెన్నిస్ అప్రైజల్

ఇక్కడ కాస్త ఆగి ఈ ఉద్యోగం ఎలాంటిదో చెప్పాలి. మన అప్రైజల్ ఏడాదికోసారి. టెన్నిస్‌లో అప్రైజల్ ప్రతి సోమవారం. ర్యాంకు లెక్కేసేది గత 52 వారాల పాయింట్లతో. పోయినేడాది ఈ వారం గెలిచిన పాయింట్లు ఈ ఏడాది అదే వారం కొట్టుకుపోతాయి. అంటే పోయినేడాది ఎంత బాగా ఆడితే ఈ ఏడాది అంత గండం. గెలిస్తే ఉన్నచోటే ఉంటావు, ఓడితే కిందకి. దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే? పాయింట్లు మాత్రం పోతూనే ఉంటాయి, ఎవరూ ఆపరు. (గాయమైన వాళ్లకి పాత ర్యాంకుతో ఎంట్రీ ఇచ్చే ఏర్పాటు ఒకటుంది కానీ అది కొన్ని టోర్నీలకే.)

జీతం లేదు. కోచ్‌కీ, ఫిజియోకీ, విమానం టికెట్టుకీ డబ్బు నీదే. గ్రాండ్ స్లామ్ సింగిల్స్ డ్రాలో 128 మంది ఉంటే 127 మంది ఓడిపోయే ఇంటికెళతారు. మామూలు ఆటగాడికి దాదాపు ప్రతి వారం ఓటమితోనే ముగుస్తుంది. ఓడిన అరగంటకి ప్రెస్ ముందు కూర్చుని ఎందుకు ఓడావో చెప్పాలి. ప్రొడక్షన్ పడగొట్టిన అరగంటకి క్లయింటు వీడియో కాల్‌లో కూర్చోబెట్టినట్టు.. ప్రతి వారం. క్రికెట్‌లో డకౌటైనా పదిమంది పక్కన ఉంటారు. సింగిల్స్‌లో కోర్టు మీద నువ్వొక్కడివే.

ఇంత ఒత్తిడిలో మనుషులు విరిగిపోకపోతేనే వింత. 2012 యూఎస్ ఓపెన్‌లో అమెరికావాడు మార్డీ ఫిష్ ఫెదరర్‌తో ప్రీక్వార్టర్స్ ఆడాల్సిన రోజున ఆడకుండా తప్పుకున్నాడు. అది యాంగ్జైటీ అని అతనే తర్వాత బయటపెట్టాడు.

బీజింగ్

2008 ఆగస్టు. బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ మొదటి రౌండు, ఎదురుగా చెక్ అమ్మాయి ఇవెటా బెనెసోవా. మొదటి సెట్ 1-6. రెండో సెట్ 1-2 దగ్గర సానియా రాకెట్ దించేసింది. మణికట్టు.

ఆ రోజు మా ఇంట్లో కూడా ఆ మ్యాచి చూశాం. మా వీధిలో ఒకాయన "యాడ్లకి లేని నెప్పి ఆటకొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పదకొండేళ్ల వెధవని.

ఆ గదిలో తలుపు వేసుకున్నాక ఏం జరిగిందో సానియా చాలా ఏళ్ల తర్వాత గానీ చెప్పలేదు. చెయ్యి ఎలా ఉందంటే సొంతంగా తల దువ్వుకోలేకపోయింది. ఇక జన్మలో టెన్నిస్ ఆడలేనేమో అనుకుంది. ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడి మధ్యలో వచ్చేశాను, ఇంట్లోవాళ్లనీ, దేశాన్నీ ముంచేశాను అనుకుంది. మూడు నాలుగు నెలలు డిప్రెషన్. ఏ కారణం లేకుండా ఏడుపు. నెల రోజులకి పైగా గదిలోంచి బయటికి రాలేదు, తిండికి కూడా. అప్పటికి ఆమెకి ఇరవై ఒక్కేళ్లు. మామూలు లెక్కలో అయితే ఇంజనీరింగు ఫైనలియర్.

చేతికి ఆపరేషన్ జరిగింది, అది పేపర్లో వచ్చింది. గదిలో జరిగింది ఏ పేపర్లోనూ రాలేదు.

ఇంట్లోవాళ్లే నన్ను బయటికి లాగారని చెప్పింది. 2009లో, అంటే బీజింగ్ అయిన ఆరు నెలల్లోపే, మహేష్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. గ్రాండ్ స్లామ్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో సింగిల్స్ రజతం, డబుల్స్ కాంస్యం.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే సినిమా ఇంటర్వెల్‌లా ఉంటుంది కదా? కింద పడింది, లేచింది, కప్పు కొట్టింది! వాట్సాప్‌లో ఇలాంటివి పొద్దున్నే వస్తుంటాయి. నాకు మాత్రం ఆ రెండు వాక్యాల మధ్యన ఉన్న నెలలే కావాలి. వాటిని వదిలేసి కప్పు దగ్గరికి గెంతితే ఈ కథ నాకెందుకూ పనికిరాదు.

సింగిల్స్ వదిలేశాక

రెండు మోకాళ్లకీ ఆపరేషన్లు, మణికట్టుకో ఆపరేషన్. శరీరం ఇక సింగిల్స్ మొయ్యదని తేలిపోయింది. 2012 తర్వాత డబుల్స్ మీదే నిలబడింది. అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. డబుల్స్ అంటే సింగిల్స్ చేతకానివాళ్లు ఆడేదని మనకో చిన్నచూపు. కోడింగ్ మానేసి టెస్టింగులోకి వెళ్లినవాణ్ణి చూసినట్టు :-)

2012 లండన్ ఒలింపిక్స్ ముందు మగ ఆటగాళ్ల గొడవలో తనని ఒకరిని బుజ్జగించడానికి ఎరగా వాడారని బహిరంగంగా ఉత్తరం రాసింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బ్రాండ్ అంబాసడర్‌గా పెట్టుకుంటే ఒక రాజకీయ నాయకుడు ఆమెని పాకిస్తాన్ కోడలన్నాడు. (2010లో క్రికెటర్ షోయబ్ మాలిక్‌ని పెళ్లి చేసుకుంది.) అప్పుడు టీవీ ఇంటర్వ్యూలో ఏడ్చేసింది. దేశం కోసం ఆడేదాన్నని ఇంకా ఎన్నిసార్లు నిరూపించుకోవాలి అన్నది ఆవిడ బాధ.

అదే 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చింది. పక్కన ఆడింది ఎవరనుకున్నారు? మన విశాఖపట్నం సాకేత్ మైనేని. మా వైపు టెన్నిస్‌కి ఇంతకంటే దగ్గరి చుట్టం లేడు.

2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, మార్టినా హింగిస్ జోడీగా. ఈ హింగిస్‌నే 2006లో సియోల్‌లో సింగిల్స్‌లో ఓడించింది సానియా. ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్, మూడో సెట్లో 2-5తో వెనకబడి 7-5తో గెలిచారు. తర్వాత యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచులు ఓడిపోలేదు. మొత్తం 91 వారాలు నంబర్ వన్, ఆరు గ్రాండ్ స్లామ్‌లు, 43 డబుల్స్ టైటిళ్లు. ఇదంతా చాలావరకు సింగిల్స్ వదిలేశాక వచ్చిందే. 27వ ర్యాంకు తిరిగి తెచ్చుకోవాలని పట్టుపట్టి ఉంటే ఇందులో ఎంత ఉండేదో మరి.

నంబర్ వన్‌గా ఉన్నప్పుడే ఒక పేరున్న టీవీ జర్నలిస్టు సెటిలయ్యేదెప్పుడు, పిల్లలెప్పుడు అని అడిగాడు. ప్రపంచ నంబర్ వన్ కంటే ఇంకా సెటిలవ్వడం ఏమిటన్నట్టు ఆవిడ జవాబిచ్చింది. ఆయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చి మొదటి టోర్నీ, హోబార్ట్‌లో, గెలిచింది. 2023లో మళ్లీ మెల్‌బోర్న్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడి, మైకు ముందు ఏడ్చి, పద్దెనిమిదేళ్ల కిందట ఇక్కడే సెరెనాతో ఆడానని గుర్తు చేసుకుంది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచి.

ఎప్పుడు చెప్పాలి?

ఇదంతా చదివాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. సానియా తన గది గురించి చెప్పింది ఎప్పుడు? కప్పులన్నీ గెలిచాక. అప్పుడు అందరం ఎంత ధైర్యం అని మెచ్చుకున్నాం. అదే 2008 ఆగస్టులో, ర్యాంకు పడిపోతుండగా, కేసులు నడుస్తుండగా చెప్పి ఉంటే? మా వీధాయన ఏమనేవాడో నాకు బాగా తెలుసు.

మధ్యలో చెప్పినవాళ్లకి ఏమవుతుందో కూడా చూశాం. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో నవోమీ ఒసాకా, ప్రెస్ మీట్లు నా మనసుకి మంచివి కావు, నేను రానంది. పదిహేను వేల డాలర్లు జరిమానా వేశారు. మరుసటి రోజు టోర్నీ నుంచే తప్పుకుంది, 2018 నుంచీ డిప్రెషన్‌తో ఉన్నానని చెప్పి. అప్పటికి ఆమె నాలుగు గ్రాండ్ స్లామ్‌ల విజేత! ఆమెకే అలా అయితే..

మా ఆమదాలవలస వైపు మనిషి కరణం మల్లీశ్వరినే తీసుకోండి. 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇప్పటికీ మా వైపు పెద్దవాళ్లు "ఆఖర్ని ఆ 137.5 ఎత్తుంటే బంగారమే" అంటారు. ఎత్తిన 240 కంటే ఎత్తలేని ఆ ఒక్కటే మనకి ఎక్కువ గుర్తు. ఇలాంటి జనం మధ్య బాగోలేదని చెప్పుకోవాలంటే ముందు గెలిచి ఉండాలి. గెలిస్తే అది స్ఫూర్తి, గెలవకపోతే సాకు.

మరి కప్పులు లేనివాళ్ల సంగతేమిటి? నాకు వింబుల్డన్ లేదు. ఉన్నదల్లా పోయిన క్వార్టర్లో వచ్చిన ఒక "నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్", ఇంకో పద్నాలుగు ఈఎమ్మైలు. నా కథకి క్లైమాక్స్ వచ్చేదాకా ఆగి చెబుదామంటే, అది వస్తుందో రాదో ఎవరికి తెలుసు? మనలో చాలామందిమి ఆ ఎదురుచూపులోనే మణికట్టు పట్టీలు కట్టుకుని తిరుగుతున్నాం. వెన్నునెప్పి, మైగ్రేన్, గ్యాస్ ట్రబుల్.. కట్టు కట్టడానికి వీలైనవి చెబుతాం, అసలుది దాస్తాం.

కనుమ రోజు రాత్రి అందరూ పడుకున్నాక అరుగు మీద నాన్న ఒక్కడే ఉన్నాడు. పట్టీ విప్పి పక్కన పెట్టాను. "చెయ్యి బానే ఉంది నాన్నా" అని మొదలెట్టి, మూడు వారాల సంగతీ చెప్పేశాను. ఎలా చెప్పాలో తెలీక మధ్యలో సానియా గురించి కూడా చెప్పాను. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసిన మనిషి, డిప్రెషన్ అంటే తుఫాను ముందు రేడియోలో చెప్పేదనుకునే మనిషి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అన్నం సరిగ్గా తింతన్నావా?" అన్నాడు. అంతే, లేచి లోపలికెళ్లిపోయాడు. అనవసరంగా చెప్పానా అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున్న టీ తాగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ గుంటకి ఎన్నాళ్లు పట్టిందన్నావు?"

"మూడు నాలుగు నెలలు నాన్నా."

"నీకింకా రెండు నెలలే కదరా అయింది" అన్నాడు, రిటర్న్ టికెట్టు ముందుకి జరుపుకోవచ్చా అని కూడా అడిగాడు.

టికెట్టు మార్చుకున్నాను. విశాఖపట్నంలో ఒక డాక్టరుని కలిశాను, మళ్లీ వచ్చే వారం వెళ్లాలి. ఈసారి మేనేజరుకి పెట్టిన సెలవు మెయిల్లో చెయ్యి అని రాయలేదు. ఇంకా జవాబు రాలేదు. ఏం వస్తుందో చూడాలి.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా అలాంటి గదిలో ఉంటే, 14416 అని ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేదా ఇంట్లో అరుగు మీద ఎవరైనా మేలుకుని ఉన్నారేమో చూడండి.